మూడో ఫ్లోర్ వెయ్యొచ్చా సార్: తిరుపతిలో ఒక పాత ఇంటి మార్జిన్ లెక్క

తిరుపతిలో స్ట్రక్చరల్ ఇంజనీర్ గా పనిచేస్తున్నా. కొత్త బిల్డింగుల డిజైన్ కంటే "పైన ఇంకో ఫ్లోర్ వేసుకోవచ్చా సార్" అనే కేసులే నాకు ఎక్కువొస్తాయి, ఈ ఊళ్లో అది మామూలే, కొండకొచ్చే జనం తగ్గరు, రూములకి గిరాకీ తగ్గదు, స్థలం మాత్రం ఎంతుందో అంతే. అలాంటి ఒక కేసు ఇది. ఓనర్ ఒప్పుకున్నాకే రాస్తున్నా, ఏరియా చెప్పను, కొన్ని వివరాలు మార్చాను, అంకెలు రౌండ్ చేశాను.

ఇల్లు సుమారు ముప్పై అడుగుల వెడల్పు, నలభై ఐదు అడుగుల పొడవు. ఇరవై ఏళ్లు దాటింది కట్టి. అప్పట్లో ప్లాన్ గ్రౌండ్ ప్లస్ వన్ మాత్రమే. కింద ఒక షాపు, పక్కన బండ్లు పెట్టుకునే చోటు, పైన వాళ్ల కాపురం. కొన్నేళ్లకి పిల్లల చదువులని, బాడుగలొస్తాయని రెండో ఫ్లోర్ లేపారు, దానికి ఇంజనీర్ ఎవరూ చూడలేదు, మేస్త్రీ పిల్లర్ని అరచేత్తో తట్టి "ఇంకా రెండు ఫ్లోర్లు మోస్తాయి" అన్నాడంట. ఇప్పుడు ఓనర్ రిటైరయ్యాడు. మూడో ఫ్లోర్ వేసి యాత్రికులకి నాలుగు అటాచ్డ్ రూములు, మిద్దె మీద రెండు వేల లీటర్ల ట్యాంకులు మూడు, ఇదీ ఆయన ప్లాన్. ట్యాంకులు మూడూ ఒకే మూలన, పైపులైన్ కి ఈజీ అని. లోన్ కి బ్యాంకులో మాట కూడా అయిపోయింది.

ఆయన నా దగ్గరికి డౌట్ తో రాలేదు, సంతకం కోసం వచ్చాడు. బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ చేసే మేనల్లుడు ముందే లాజిక్ చెప్పి పంపించాడు. "కోడ్ లో ఒకటిన్నర సేఫ్టీ ఫ్యాక్టర్ ఉంటాదంట గదా సార్, అంటే యాభై శాతం ఎక్స్‌ట్రా ఉన్నట్టే గదా, రెండు ఫ్లోర్ల మీద ఇంకోటి అంటే సరిగ్గా యాభై శాతమే, సరిపోతాది గదా?"

నిజం చెప్పాలంటే ఆ ప్రశ్న నాకు నచ్చింది. చాలామంది మనసులో ఇదే లెక్క ఉంటది, కాకపోతే బయటికి చెప్పకుండా "ఏం కాదులే" అంటారు. చెప్పాడు కాబట్టి జవాబివ్వడానికి దారి దొరికింది.

ఒకటిన్నర ఎవరిది

ఐఎస్ 456 అని కాంక్రీట్ కోడ్ ఉంది, అంటే కాంక్రీట్ కట్టడాలకి మన దేశపు ప్రామాణిక నిబంధనల పుస్తకం, నేను ఇక్కడ వాడింది 2000లో వచ్చినది. అందులో బరువుని 1.5 తో గుణిస్తాం, కాంక్రీట్ బలాన్ని 1.5 తో భాగిస్తాం, కమ్మీ బలాన్ని మాత్రం 1.15 తోనే భాగిస్తాం. కమ్మీకి అంత తక్కువ ఎందుకంటే అది ఫ్యాక్టరీలో తయారవుతుంది, టెస్ట్ సర్టిఫికెట్ తో వస్తుంది, ఒక కమ్మీకీ ఇంకో కమ్మీకీ పెద్ద తేడా ఉండదు. కాంక్రీట్ అలా కాదు, సైట్ లో కలుపుతారు, మధ్యాహ్నం భోజనం అయ్యాక కలిపింది ఒక రకంగా ఉంటది, సాయంత్రం తొందరగా ఇంటికి పోవాలని కలిపింది ఇంకో రకంగా ఉంటది. మట్టికైతే ఇంకా ఎక్కువ, ఫుటింగ్ (పిల్లర్ అడుగున భూమిలో వేసే వెడల్పాటి పునాది దిమ్మ) కింద నేల మోయగలదని చెప్పే అంకెలోనే మామూలుగా రెండున్నర నుంచి మూడు దాకా ఫ్యాక్టర్ కలిపి ఉంటది, ఎందుకంటే భూమి లోపల ఏముందో మనకి తెలిసేది తక్కువ. విమానం రెక్కకి కూడా లోడ్ మీద ఫ్యాక్టర్ 1.5 మాత్రమే అంటే మేనల్లుడు నమ్మలేదు. కానీ విమానాన్ని లెక్క ప్రకారం చెక్ చేస్తా ఉంటారు, రెక్కని వంచి టెస్ట్ చేస్తారు. మన ఇంటి పిల్లర్ ని ప్లాస్టర్ చేశాక మళ్లీ ఎవరూ చూడరు.

అంటే మనకి తెలియనిది ఎంత ఎక్కువుంటే మార్జిన్ అంత ఎక్కువ పెడతారు. ఆ మార్జిన్ ఎందుకోసం పెట్టారో దానికే అది సొంతం. ఖాళీగా పడున్న చోటు కాదు ఇంకొకళ్లు వచ్చి కాపురం పెట్టడానికి.

ఇంకో సమస్య ఏందంటే దాన్ని ఎవరికి వాళ్లు తమదే అనుకుంటారు. మొదటి మేస్త్రీ కాంక్రీట్ సులువుగా జారాలని నీళ్లు ఎక్కువ పోశాడు, "సేఫ్టీ ఉంటది కదా" అని. రెండో ఫ్లోర్ వేసినాయన అదే అనుకున్నాడు. పాత టైల్స్ తీయకుండా వాటి మీదే మార్బుల్ పరిచినాయన అదే అనుకున్నాడు. ఇప్పుడు మేనల్లుడు. ఇంట్లో ఒకటే వంద నోటు ఉంటే దాన్ని నలుగురూ ఎవరికి వాళ్లు తమ జేబులో ఉన్నట్టు లెక్కేసుకున్నట్టు. ఆ నోటు ఇంకా ఉందా అని చూడ్డమే నా మొదటి పని.

టెస్టులు

ఓనర్ దగ్గర అప్పటికే ఒక రిపోర్ట్ ఉంది, ఎవరో హ్యామర్ టెస్ట్ చేసి ఎం25 కాంక్రీట్ అని ఇచ్చారు (ఎం పక్కన అంకె దాని బలం, చదరపు మిల్లీమీటరుకి అన్ని న్యూటన్లు అని). రీబౌండ్ హ్యామర్ అంటే స్ప్రింగ్ సుత్తి లాంటిది, పైన కొడితే ఎంత వెనక్కి ఎగిరిందో చూసి బలం అంచనా వేస్తారు. దాని ఐఎస్ కోడే అంచనా ప్లస్ ఆర్ మైనస్ 25 శాతం దాకా తేడా రావచ్చని చెప్తుంది. పైగా పాత కాంక్రీట్ గాలికి కార్బొనేట్ అయ్యి పైపొర గట్టిపడతది, సుత్తి ఆ పొరనే చూస్తుంది, లోపల సంగతి దానికి తెలీదు. అందుకని ఆ రిపోర్ట్ ని నేను ఒక్కదానికే వాడుకున్నా: ఏ పిల్లర్ లో రీడింగులు బాగా అటూ ఇటూ ఉన్నాయో చూసి అక్కడ కోర్ (ల్యాబ్ లో నలిపి చూడ్డానికి డ్రిల్ తో కోసే గుండ్రటి కాంక్రీట్ ముక్క) తీద్దామని.

కోర్ తీయడం కూడా ఊరికే చేసే పని కాదు. తొమ్మిది బై పన్నెండు అంగుళాల పిల్లర్ లో బొక్క పెట్టడం అంటే ఉన్న బలంలోంచే కొంచెం తీసుకోవడం. అందుకే ముందు మెషీన్ పెట్టి కమ్మీలు ఎక్కడున్నాయో గుర్తులు పెట్టుకుని, సన్న కోర్ తీసి, వెంటనే ఆ బొక్కని ఆరాక కుంచించుకుపోని గ్రౌట్ (సిమెంటు ముద్ద) తో నింపాం. కోడ్ ప్రకారం కనీసం మూడు కావాలి, మూడే తీశాం. బాగున్న పిల్లర్లు చూపించి "వీటిలో తీయండి సార్" అన్నాడు ఓనర్. నేను ఎక్కువ బరువు మోసేవి, అనుమానంగా ఉన్నవి ఎంచుకున్నా. ఎందుకంటే నేను వెతికేది సగటు పిల్లర్ ని కాదు, ముందు కుంగే పిల్లర్ ని.

రెండో కోర్ బయటికి వచ్చినప్పుడు అది రెండు ముక్కలైంది. విరిగిన చోట నలిగిన సిమెంటు సంచి ముక్క, అరచేతిలో సగం అంత, చుట్టూ జల్లి మాత్రమే ఉంది, మధ్యలో పేస్ట్ లేదు, వేలు పెడితే ఇసుక రాలింది. ఓనర్ దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. నా లెక్కల కంటే అదే ఆయనకి ఎక్కువ అర్థమైంది అనుకుంటా.

విరిగిన దాన్ని వదిలేసి పక్కన ఇంకోటి తీయాల్సొచ్చింది. ఎం20 అని రాసుకున్న చోట సగటు 14 దగ్గర వచ్చింది. కోడ్ ప్రకారం ఎం20 కి కోర్ల సగటు 85 శాతం, అంటే 17 రావాలి, ఏ ఒక్కటీ 75 శాతం కంటే, అంటే 15 కంటే తగ్గకూడదు. రెండిట్లోనూ ఫెయిల్. కమ్మీల పైన కవర్, అంటే వాటిని కప్పే కాంక్రీట్ మందం, 40 మిల్లీమీటర్లు ఉండాల్సింది ఇరవై లోపే ఉంది, ఒకచోట తుప్పు మొదలైంది.

ఇప్పుడు లెక్క. మధ్య పిల్లర్ లో పన్నెండు ఎంఎం కమ్మీలు ఆరు ఉన్నాయి. కాంక్రీట్ నిజంగా ఎం20 అయ్యుంటే కోడ్ లెక్కలో దాని బలం 73 టన్నులు. 14 పెట్టి వేస్తే 57. ఇప్పుడున్న ఇంటికి ఆ పిల్లర్ మీద గోడలు, మనుషులు, సామాన్లు అన్నీ కలిపి పడే బరువు 41 టన్నులు. 57 ని 41 తో భాగిస్తే 1.4 కూడా రాదు, అంటే లోడ్ మీద ఉండాల్సిన ఒకటిన్నర ఇప్పటికే కొంచెం అరిగిపోయింది. ఇటుక గోడలతో మూడో ఫ్లోర్ వేస్తే బరువు 57 అవుతుంది. బలం 57, బరువు 57. నోటు అయిపోయింది, ఇంకా ట్యాంకులు లెక్కలోకే రాలేదు.

మేనల్లుడు ఫోన్ లో వదల్లేదు. "మామ పిల్లర్ కి మీరు లెక్కేసిన 57 లోనే కాంక్రీట్ ని 1.5 తో భాగించి ఉన్నారు కదా సార్, అంటే అసలు బలం ఇంకా ఎక్కువే కదా?" తెలివైనోడు, కరెక్ట్ గానే పట్టుకున్నాడు. అవును, ఉంది. కానీ అది మనం కోర్ తీయని పిల్లర్ల కోసం. మేము చూసింది మూడిటినే, మిగతావాటిలో ఎన్ని సంచి ముక్కలున్నాయో తెలీదు, పిల్లర్ కొంచెం వంకరగా పోసి ఉంటే దానికీ అందులోంచే పోవాలి. తెలియని వాటి కోసం దాచిన దాన్ని తెలిసిన బరువు కోసం ఖర్చు పెడితే తెలియనిది వచ్చిన రోజు చేతిలో ఏం ఉండదు. దానికి అతను "ఓకే సార్" అన్నాడు, ఒప్పుకున్నాడా లేక ఫోన్ పెట్టేద్దామనుకున్నాడా తెలీదు.

పనికిరాని దారి

ఓనర్ కి "కాదు" అని చెప్పి పంపించేయొచ్చు. అప్పుడు ఆయన ఇంకో సంతకం వెతుక్కుంటాడు, ఈ ఊళ్లో అది దొరకదని చెప్పలేను. అందుకే అడిగినదానికి దగ్గరగా ఏదైనా దారి ఉందా అని చూశాం.

మొదట అందరికీ తట్టేది జాకెటింగ్, పిల్లర్ చుట్టూ కొత్త కమ్మీలు కట్టి నాలుగంగుళాల కాంక్రీట్ పోయడం. గ్రౌండ్ ఫ్లోర్ పిల్లర్లన్నీ అలా లావు చేసి పైన ఫుల్ ఫ్లోర్ వేద్దామని ఒక ప్లాన్ గీశాం. ఒక పిల్లర్ దగ్గర తవ్వి చూస్తే ఫుటింగ్ ఐదడుగుల చదరం. ఇప్పటి బరువుకి నేల మీద చదరపు మీటరుకి 18 టన్నులు పడుతోంది, మూడో ఫ్లోర్ వేస్తే 24 దాటుతుంది, అక్కడి నేలకి మేం తీసుకున్నది 20. పిల్లర్ ఎంత లావు చేసినా బరువు చివరికి దిగేది అక్కడికే. పక్కింటి గోడ వైపు ఇంకో పిల్లర్ దగ్గర తవ్వితే అది ఇంకా ఇబ్బంది, స్థలం దాటకూడదని ఫుటింగ్ ని లోపలికి జరిపి పోశారు, పిల్లర్ నడిమధ్యన లేదు, ఒక అంచున నిలబడింది. బరువు పెంచితే ఆ అంచు కింద నేల ఎక్కువ నలుగుతుంది. ఫుటింగులు కూడా పెంచాలంటే షాపు ఖాళీ చేయించాలి, పక్కింటోళ్లతో మాట్లాడాలి, ఖర్చు వేసి చూస్తే కొత్తగా కట్టేదానికి సగం దాకా పోయింది. ఆ ప్లాన్ అక్కడే ఆపేశాం.

ఈ మధ్యలోనే ఇంకో విషయం బయటపడింది, నాకు అసలు కేసు అర్థమైంది అప్పుడే. ఎందుకింత పట్టుబడుతున్నాడని అడిగితే లోన్ కాగితాలు తీశాడు. నాలుగు రూములూ నెలలో ముప్పై రోజులూ నిండితే ఈఎంఐ పోగా కొంచెం మిగుల్తుంది. ఒక వారం ఖాళీగా ఉంటే పెన్షన్ లోంచి కట్టాలి. "2020 మార్చిలో కొండ మీద దర్శనం ఆపేసినప్పుడు లాడ్జిలోళ్లు ఎట్లున్నారో చూశావు కదన్నా, జూన్ దాకా ఒక్క యాత్రికుడు లేడు" అన్నా. "అది ఎప్పుడో ఒకసారి సార్" అన్నాడు. ఆయన డబ్బు లెక్కలో మార్జిన్ సున్నా. అది లేదు కాబట్టి రూములు నాలుగు కావాలి, నాలుగు కావాలి కాబట్టి ఫుల్ ఫ్లోర్ కావాలి, ఆ కొరతని తీసుకొచ్చి పిల్లర్ మీద పెడుతున్నాడు. లోన్ తప్పితే బ్యాంకోళ్లు టైం ఇస్తారు, నోటీసు ఇస్తారు. పిల్లర్ నోటీసు ఇవ్వకపోవచ్చు, ముఖ్యంగా కమ్మీ తక్కువుండి కాంక్రీట్ నలిగే పిల్లర్. అందుకని రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి మాట్లాడాం, రెండు రూములైతే లోన్ ఎంత, సగం రోజులు ఖాళీ అయినా కట్టగలడా అని. ఆ లెక్క ఆయన భార్య వేసింది, నాకంటే స్పీడ్ గా.

పనిచేసింది

చివరికి చేసింది బలం పెంచడం కంటే బరువు తగ్గించడం. మిద్దె మీద పాతకాలం వెదరింగ్ కోర్స్ ఉంది, ఇటుక జల్లీ సున్నం కలిపి నాలుగంగుళాలు వేసి పైన పెంకులు పరిచింది. అది మొత్తం తీసేసి పలచటి వాటర్‌ప్రూఫింగ్ వేశాం, మధ్య పిల్లర్ మీద దాంతోనే రెండు టన్నుల పైన దిగింది. దాని బదులు సగం మిద్దె మీద మాత్రమే ఐరన్ ఫ్రేమ్ తో, పఫ్ ప్యానెళ్ల (రెండు రేకుల మధ్య ఫోమ్ నింపిన తేలిక పలకలు) గోడలు, కప్పుతో రెండు రూములు. ఇటుక లేదు. బాత్‌రూముల్లో మట్టి నింపే పని లేకుండా పైపులు పక్కనుంచే తెచ్చాం. కొత్త ప్లాన్ కి పర్మిషన్ వచ్చాకే పని మొదలెట్టమన్నా, దానికి నెలలు పట్టింది, అదో వేరే కథ. అన్నీ కలిపితే మధ్య పిల్లర్ మీద 41 కాస్తా 42 టన్నులు అయింది, అంతే.

కానీ 42 కీ 57 కీ మధ్య ఒకటిన్నర లేదు కదా, అందుకని బలహీనంగా ఉన్న మూడు పిల్లర్లకి జాకెటింగ్ చేశాం. ముందు ప్లాన్ లో జాకెటింగ్ కొత్త బరువు కోసం, ఇప్పుడు అరిగిపోయిన మార్జిన్ వెనక్కి తేవడం కోసం. నేల మీద బరువు పెద్దగా పెరగలేదు కాబట్టి ఫుటింగ్ జోలికి పోవాల్సిన పని లేదు, జాకెట్ కమ్మీల్ని మాత్రం ఫుటింగ్ లోకి దింపి గ్రౌట్ చేశాం. ఇక్కడ చాలామంది వదిలేసే ఒక మాట ఉంది. పిల్లర్ బరువు మోస్తా ఉండగానే చుట్టూ జాకెట్ పోస్తే, అప్పటికే ఉన్న బరువు పాత పిల్లరే మోస్తుంది, కొత్త కాంక్రీట్ కి ఆ తర్వాత వచ్చే బరువులోనే వాటా. మనకి తర్వాత వచ్చే బరువే లేదు! అందుకే ముందు బీముల కింద జాకీలు బిగించి పిల్లర్ మీద బరువు కొంత దించి, జాకెట్ గట్టిపడ్డాక మెల్లగా వదిలాం. షాపులో ఉన్న పిల్లర్ పని షాపోళ్లు సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు మొదలుపెట్టి, వాళ్లొచ్చాక చుట్టూ రేకు అడ్డం కట్టి పూర్తి చేశాం.

బరువు తగ్గిస్తే ఇంకో భయం మొదలవుతుంది. ప్యానెల్ కప్పుని గాలి పైకి లేపుతుంది, నవంబర్ డిసెంబర్ లో తుఫాన్లు మనకి కొత్తేం కాదు. ఇటుక మిద్దెకి బరువే కాపలా, తేలిక కప్పుకి బోల్టులే కాపలా. ఫ్రేమ్ కాళ్లని స్లాబ్ లోకి కాకుండా పిల్లర్ల మీద బీముల్లోకి యాంకర్ చేశాం. వెల్డింగ్ చేసినాయన "ఇన్ని బోల్టులెందుకు సార్, ఏనుగుని కడతారా" అన్నాడు.

ట్యాంకుల సంగతి. మూడు ట్యాంకుల ఆరు టన్నులు పైన వద్దు, ఇంటి ముందు ఖాళీ చోట్లో పన్నెండు వేల లీటర్ల ఆర్‌సీసీ సంపు, పైన ఒక చిన్న ట్యాంకు, మధ్యలో ప్రెజర్ పంప్ అన్నా. ఓనర్ కి హాయిగా అనిపించింది, భూమిలో పెట్టేదానికి ఏం భయం అని. అప్పుడు 2021 నవంబర్ గుర్తు చేశా. ఆ వానలకి మన ఊళ్లోనే శ్రీకృష్ణానగర్ లో సిమెంటు రింగుల సంపు భూమిలోంచి అమాంతం పైకి లేచి నిలబడింది, లోపల ఒకావిడ క్లీన్ చేస్తా ఉన్నప్పుడు. జనం ఎగబడి చూశారు, దేవుడి మహిమ అన్నోళ్లూ ఉన్నారు. చుట్టూ నేల నీళ్లతో నిండితే ఖాళీ సంపు పడవలాగే తేలుతుంది, అంతే. పిల్లర్ కి బరువు శత్రువు, సంపుకి బరువే రక్ష, ఖాళీ చేసిన రోజే దానికి ప్రమాదం.

మన సంపుకి లెక్కేస్తే నీళ్లు నేల మట్టం దాకా వస్తే పైకి నెట్టేది 17 టన్నుల పైన, ఖాళీ సంపు సొంత బరువు 14 లోపు. తేలడానికి వ్యతిరేకంగా కోడ్ అడిగేది 1.2, అంటే పట్టుకునే బరువు పైకి నెట్టేదానికి 1.2 రెట్లు ఉండాలి. ఇక్కడ ఒకటిన్నర ఎందుకు లేదని ఓనరే అడిగాడు, బాగా అనిపించింది. నీటి బరువు, కాంక్రీట్ బరువు మనకి బాగా తెలిసినవి, ఊహించేది తక్కువ, అందుకే మార్జిన్ తక్కువ అని చెప్పా. అడుగు స్లాబ్ ని చుట్టూ అడుగున్నర దాకా బయటికి పొడిగించి, దాని మీద మట్టి నింపి గట్టిగా దిమ్మిస్తే ఆ మట్టి బరువు కూడా పట్టుకుంటుంది, మొత్తం 25 టన్నులకి వచ్చింది. తవ్వేటప్పుడు ఇంటి ఫుటింగులకి దూరంగా ఉంచాం. మూత లోపలి వైపు పెయింట్ తో రాయించా: వానాకాలంలో పూర్తిగా ఖాళీ చేయొద్దు.

తర్వాత

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో మారింది ఏందంటే, ఫ్లోర్ వెయ్యొచ్చా అని వచ్చినవాళ్లని నేను ముందు అడిగేది ఇంతకుముందు ఈ ఇంటి మీద ఎవరెవరు ఏమేం పెట్టారు అని. డ్రాయింగ్ లో ఉండేది పుట్టినప్పటి మార్జిన్, అది ఇప్పటిది కాదు. రెండోది, అప్పు లెక్క కూడా చూపించమంటా, కొంతమందికి కోపం వస్తుంది, అయినా అడుగుతా. జీతం అంతా ఈఎంఐకి పోయే మనిషి చేతిలో నేను ఎంత మంచి డ్రాయింగ్ పెట్టినా సైట్ లో రెండు కమ్మీలు తగ్గుతాయి. మూడోది, మార్జిన్ మిగిలితే అది ఎంతో, ఎందుకోసమో కాగితం మీద రాసిస్తా, ఇంటి దస్తావేజులతో పాటు పెట్టుకోమని. ఈ ఇంటి కాగితంలో "పైన ఇంకో ఫ్లోర్ కి చోటు లేదు" అని పెద్దక్షరాల్లో ఉంది, రేపు ఇల్లు కొనేవాడికో పిల్లలకో పనికొస్తుంది.

ఒక వానాకాలం గడిచింది. పగులు పెరుగుతోందా అని చూడ్డానికి పాత పగుళ్ల మీద అతికించిన గాజు పట్టీలు ఒక్కటీ పగల్లేదు. ఒక జాకెట్ పైన బీముకి తగిలే చోట సన్న గీత వచ్చింది, కొత్త కాంక్రీట్ కుంచించుకున్నది, ఎపాక్సీ ఎక్కించాం. రూములు రెండూ నడుస్తున్నాయి, మొన్న వాటిలో ఒకటి పది రోజులు ఖాళీగా ఉన్నా ఈఎంఐ ఆగలేదని ఆయన భార్య చెప్పింది. ఇప్పుడు కొత్తగా మిగిలిన సగం మిద్దె మీద సోలార్ పెట్టుకోవచ్చా అంటున్నాడు. ప్యానెళ్ల బరువు తక్కువే, గాలి లెక్క చూసి చెప్తానన్నా, డీలర్ ని స్టాండ్ డ్రాయింగ్ పంపమన్నా, ఇంకా రాలేదు.